“మా పాప ఇంగ్లీషు ఎప్పుడు మాట్లాడద్ది మేడం?”



ప్రతి పేరెంట్స్ మీటింగులోనూ నాకు తప్పని ప్రశ్న ఒకటుంది. గత నెలలోనూ వచ్చింది. ఆరో తరగతి పాప నాన్నగారు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూసుకునే మనిషి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి నెమ్మదిగా అడిగారు.

“మేడం, ఎల్‌కేజీ నుంచి ఇక్కడే చదువుతా ఉంది. మార్కులు బాగానే వస్తుండాయి. ఇంటికి చుట్టాలొచ్చి ఇంగ్లీషులో ఒక్క ముక్క అడిగితే మాత్రం నోరు తెరవదు. ఎప్పుడు మాట్లాడద్ది?”

ఆయన వెనక ఇంకా పదిహేను మంది నిలబడి ఉన్నారు. అలవాటైన జవాబే చెప్పేశాను. “ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి సార్, అదే వస్తుంది.”

ఆయన నవ్వారు. “మాకే వస్తే మీ దాకా ఎందుకమ్మా వస్తాం?”

ఆ మాటలో కోపం లేదు. కానీ ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తున్నంత సేపూ అదే గుర్తొచ్చింది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. రొయ్య ధర పడిపోయిన ఏడాది కూడా ఫీజు కట్టిన మనిషి. నేను ఇచ్చింది బాధ్యత దులుపుకునే జవాబు. అసలు జవాబు ఐదు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

ముందు ఒక చిన్న విషయం. ఈ పత్రికలో ఇంగ్లీషు పేజీలూ ఉన్నాయి, తెలుగు పేజీలూ ఉన్నాయి. మీరు ఇప్పుడు తెలుగు పేజీ చదువుతున్నారు. ఇంగ్లీషు రాక కావచ్చు, వచ్చినా కావచ్చు. మనసుకు దగ్గరి విషయాన్ని అందరం మనకు హాయిగా ఉన్న భాషలోనే చదువుతాం. మీ పాపకూ అంతే. నేను చెప్పబోయేదానికి ఇదే మొదలు.

చెవి నొప్పి కథ

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటరు, డిగ్రీ ఇంగ్లీషులో తంటాలు పడి చదివాను. తర్వాత బీఎడ్. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, ఇక్కడ కాదు, వేరే ఊళ్ళో, మూడో తరగతికి క్లాస్ టీచరుని. ఆ బళ్ళో ఒక నియమం ఉండేది. తెలుగు మాట్లాడిన పిల్లల పేర్లు లీడరు బోర్డు మీద రాయాలి, శనివారం జరిమానా వసూలు చేయాలి. ఆ నియమం నేను పెట్టింది కాదు. కానీ నేనే అమలు చేశాను, శ్రద్ధగా చేశాను. నాకు ఇంగ్లీషు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఈ పిల్లలకు ఆ కష్టం ఉండకూడదని అనుకున్నాను.

ఒకరోజు పొద్దున శరీర భాగాల పాట పాడించాను. ఒక్కొక్కరూ వచ్చి ముక్కు, చెవి, కన్ను తాకి చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పాలి. ఒక బాబు వచ్చి, చెవి పట్టుకుని, “దిస్ ఈజ్ మై ఇయర్” అని చక్కగా చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. వాడి చెవిలోంచి చీము కారుతోంది. పొద్దుటి నుంచీ నొప్పేనట. “ఎందుకు చెప్పలేదురా?” అని నేనే అడిగాను. వాడు నా వంక చూడకుండా వాళ్ళమ్మతో చెప్పాడు. “ఇంగ్లీషులో ఎట్టా చెప్పాలో తెలీలా.”

చెవికి ఇంగ్లీషు మాట వాడికి తెలుసు. అదే రోజు, నొప్పి పెడుతున్న ఆ చెవినే పట్టుకుని నాకు చూపించాడు. నొప్పి అని చెప్పడానికి మాత్రం భాష లేకుండా చేశాం. తెలుగులో చెబితే జరిమానా, ఇంగ్లీషులో చెప్పే దారి మేం నేర్పలేదు.

వాళ్ళమ్మ నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఆ వారం నుంచి బోర్డు మీద పేర్లు రాయించడం మానేశాను. కానీ జరిమానా మానేసినంత మాత్రాన ఇంగ్లీషు రాదు కదా. మరి ఎలా నేర్పాలి? రెండేళ్ళు బీఎడ్ చదివొచ్చిన నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు.

బీఎడ్‌లో నేను నేర్చుకున్నది

మీలో చాలా మందికి టీచర్ ట్రైనింగ్ అంటే ఏం జరుగుతుందో తెలిసే అవకాశం లేదు. కాబట్టి దాచకుండా చెబుతాను.

2015-16 నుంచి బీఎడ్ రెండేళ్ళ కోర్సు. అందులో కనీసం 20 వారాలు బళ్ళో గడపాలి. కాగితం మీద ఇది మంచి మార్పు. ఇంగ్లీషు మెథడ్ పేపర్లో గ్రామర్ ట్రాన్స్‌లేషన్, డైరెక్ట్ మెథడ్, స్ట్రక్చరల్ అప్రోచ్, కమ్యూనికేటివ్ అప్రోచ్ అన్నీ ఉంటాయి. కమ్యూనికేటివ్ అప్రోచ్ అంటే పిల్లలు బట్టీ పట్టకుండా, అవసరం కోసం భాష వాడుతూ నేర్చుకోవాలి అని. ఆ జవాబు నేను గైడులోంచి బట్టీ పట్టి రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

టీచింగ్ ప్రాక్టీసులో లెసన్ ప్లాన్లు గళ్ళు గీసి రాశాం, రంగు చార్టులు అతికించాం. అబ్జర్వేషన్ రోజున ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాలో పిల్లలకు ముందురోజే చెప్పి ఉంచాం. పరిశీలకులు చూసింది ఆ నాటకాన్నే. నేను ఒక పిల్లవాడికి అర్థం కాని చోట ఏం చేస్తానో ఎవరూ చూడలేదు. నన్ను నేను కూడా చూసుకోలేదు. ఇది నా ఒక్కదాని అనుభవం. బాగా నేర్పే కాలేజీలూ ఉంటాయి. కానీ నా తోటి టీచర్లను అడిగితే చాలా మంది తలూపుతారు.

అంటే ఏం జరుగుతోంది? మాట్లాడకుండానే భాష నేర్చుకున్న టీచరు, మాట్లాడకుండానే బోధన నేర్చుకుని, మీ పిల్లలతో మాట్లాడించాల్సి వస్తోంది.

పట్టపుపాలెం పిల్లాడి దగ్గర నేర్చుకున్నది

నాకు నిజమైన పాఠం ఒక విద్యార్థి దగ్గర దొరికింది. మన తీరం పొడవునా పట్టపుపాలేలు ఉన్నాయని మీకు తెలుసు. అక్కడి మత్స్యకార కుటుంబాలు చాలా వరకు ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు కాదు. తమిళానికి దగ్గరగా ఉండే పట్టపు భాష. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఆ పాలెం నుంచి వచ్చిన ఒక బాబు నా నాలుగో తరగతిలో ఉండేవాడు. ఇంగ్లీషులో వెనకబడ్డాడని నేనే రిమార్కు రాశాను.

ఒకరోజు వాళ్ళ నాయనమ్మ బడికి వస్తే, వాడు ఆమెతో పట్టపు మాటలో, వాచ్‌మన్‌తో తెలుగులో, ఆటో డ్రైవరుతో తమిళం కలిపి మాట్లాడుతుంటే విన్నాను. ఒకదాన్నుంచి ఒకదానికి తడబాటు లేకుండా దూకుతున్నాడు. నేను వెనకబడ్డాడని రాసిన పిల్లాడికి అప్పటికే రెండు భాషలు వచ్చు, మూడోది వస్తోంది.

తెలుగు వాడికి రెండో భాష. ఎవరు నేర్పారు? ఏ మెథడ్‌లో నేర్పారు? చేపలు వేలం వేసే చోట, బడి ఆటస్థలంలో, కిరాణా కొట్లో. అక్కడ మూడు సంగతులు కుదిరాయి. ఎదుటివాళ్ళు చెబుతున్నది చుట్టూ జరుగుతున్నదాన్ని బట్టి అర్థమయ్యేది. మాట్లాడితే పని జరిగేది. తప్పు మాట్లాడితే ఎవరూ పేరు రాసుకునేవాళ్ళు కాదు.

మన ఇంగ్లీషు క్లాసులో ఈ మూడింటిలో ఎన్ని ఉన్నాయో నేను లెక్క వేసుకున్నాను. లెక్క నాకు నచ్చలేదు.

ఇక్కడ మాటల చిక్కు ఒకటి విప్పుతాను. మన రాష్ట్రం పదో తరగతి లెక్కలో తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్, హిందీ సెకండ్, ఇంగ్లీషు థర్డ్. బోధన గురించి పరిశోధించేవాళ్ళు రెండో భాష అనేది వేరే అర్థంలో. ఇంటి భాష వచ్చాక నేర్చుకునే భాష ఏదైనా రెండో భాషే. ఆ లెక్కన మీ పాపకు ఇంగ్లీషు రెండో భాష. ఆ పాలెం పిల్లాడికైతే మన తెలుగు వాచకం కూడా రెండో భాషే.

కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే పండితుడు వలస వచ్చిన పిల్లల మీద పరిశోధించి ఒక తేడా చూపించాడు. ఆటల్లో, మాటల్లో వాడే ఇంగ్లీషు వాళ్ళకు రెండేళ్ళలో పట్టుబడింది. పాఠాలు చదివి అర్థం చేసుకుని రాసే ఇంగ్లీషుకు మాత్రం ఐదు నుంచి ఏడేళ్ళు పట్టింది. అదీ చుట్టూ అందరూ ఇంగ్లీషు మాట్లాడే దేశంలో. ఆయన చెప్పిన ఇంకో మాట నాకు మరీ ముఖ్యం. ఇంటి భాషలో చదవడం, ఆలోచించడం గట్టిపడితే ఆ బలం రెండో భాషకూ అందుతుంది. కిరణజన్య సంయోగక్రియ తెలుగులో అర్థమైన పిల్లకు ఫొటోసింథసిస్ అంటే కొత్త మాట ఒక్కటే. తెలుగులో అర్థం కాని పిల్లకు ఆ మాటా కొత్తే, విషయమూ కొత్తే.

ఈ చర్చ మనకు కొత్తది కాదు

మీడియం ఏదుండాలి అన్న వాదన మన రాష్ట్రంలో 2019 నుంచి గట్టిగానే నడిచింది. ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామన్న ఉత్తర్వు, 2020 ఏప్రిల్లో దాన్ని హైకోర్టు కొట్టేయడం, ఆ జూలైలోనే వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమన్న జాతీయ విద్యా విధానం, అన్నీ మీరు పేపర్లో చదివినవే. ఆ వాదనలోకి నేను దిగను. మీరు ఇంగ్లీషు మీడియం ఎంచుకున్నారు, అందులో పాఠం చెప్పడమే నా ఉద్యోగం. నా ప్రశ్న దాని తర్వాతది. ఇంగ్లీషు ఎలా నేర్పాలి, నేర్పేవాళ్ళకు ఎవరు నేర్పాలి?

ఆ ప్రశ్న వేసినవాళ్ళు మన పక్కనే ఉన్నారు. 1953 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ దశాబ్దంలో మద్రాసు బడుల్లో స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. ఇంగ్లీషు వాక్య నిర్మాణాలను సులువు నుంచి కష్టానికి వరస పెట్టి, ఒక్కొక్కటి పదేపదే చెప్పించడం. “దిస్ ఈజ్ ఎ బుక్, దట్ ఈజ్ ఎ పెన్” అని మీరూ చిన్నప్పుడు వల్లించే ఉంటారు. ఆ దశాబ్దం చివరికి, ఇంగ్లీషు మొదలుపెట్టించే టీచర్లు సుమారు 27 వేల మందికి ఆ పద్ధతిలో శిక్షణ ఇవ్వాలని అక్కడ పెద్ద కార్యక్రమం తలపెట్టారు. కొందరికి బాగా నేర్పితే వాళ్ళు ఇంకొందరికి, వాళ్ళు మరికొందరికి. దొర్లేకొద్దీ పెరిగే మంచుముద్ద లాంటిదని దానికి మద్రాస్ స్నోబాల్ అనే పేరొచ్చింది.

అలాంటి శిక్షణ ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ. చిక్కు ఎక్కడంటే, మెట్టు మెట్టుకీ ఏం చేయాలన్నది దిగుతుంది గానీ ఎందుకు చేయాలన్నది పైనే ఉండిపోతుంది. ఆఖరి మెట్టు మీద ఉన్న టీచరు చేతికి వాక్యాల జాబితా ఒక్కటే మిగులుతుంది. నేటికీ వేసవిలో రెండు రోజుల ఓరియెంటేషన్, ప్రొజెక్టరు మీద స్లైడ్లు, చివర్లో సర్టిఫికెట్. ఇది ఆ మంచుముద్దకు మనవరాలే.

1979లో అదే మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేస్తున్న ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన దీన్ని తిరగేసి చూశారు. పిల్లలు వాక్యాలు సరిగ్గా చెప్పడం మీద కాకుండా, ఒక చిన్న సమస్యను ఇంగ్లీషులో విప్పడం మీద దృష్టి పెడితే? మ్యాపు చూసి దారి కనుక్కోవడం, టైంటేబుల్ చూసి లెక్క తేల్చడం లాంటివి. బెంగళూరు, మద్రాసు లాంటి చోట్ల మామూలు బడుల్లో 1984 దాకా నడిపారు. ప్రపంచమంతా భాషా బోధన చదివేవాళ్ళు ఇప్పటికీ ఆ బెంగళూరు ప్రాజెక్టు గురించి చదువుతారు. దాని మీద విమర్శలూ వచ్చాయి. కానీ ప్రభు తర్వాత రాసిన ఒక మాట నాకు ఏ ట్రైనింగులోనూ దొరకనిది. ఫలానా పద్ధతే అన్నిటికంటే మంచిది అని తేల్చలేం, తాను చేస్తున్న పనిలో పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారన్న దాని మీద టీచరుకు సొంత ఎరుక ఉండాలి, అది చచ్చిపోకుండా చూసుకోవాలి అన్నది దాని సారాంశం.

పినాకిని ఎక్స్‌ప్రెస్ క్లాసు

ఆ పుస్తకం చదివాక నేను చేసిన మొదటి పని చెబుతాను. ఆరో తరగతికి నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే రైళ్ళ టైంటేబుల్ జిరాక్సులు పంచాను. బోర్డు మీద ఇంగ్లీషులో ఒక్క సమస్య రాశాను. మీ అమ్మమ్మకు చెన్నై ఆస్పత్రిలో పదకొండున్నరకు డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంది. ఏ రైలు ఎక్కించాలి?

చెన్నై ఆస్పత్రి ప్రయాణం తెలియని ఇల్లు మన దగ్గర ఏది? పిల్లలు వెంటనే దిగిపోయారు. ముందు నలుగురేసి గుంపులుగా తెలుగులోనే వాదించుకున్నారు. నేను ఆపలేదు. తేల్చుకున్నది నాకు మాత్రం ఇంగ్లీషులో చెప్పాలన్నాను. ఒక బాబు లేచాడు. “పినాకిని నో మేడం. ఆఫ్టర్‌నూన్ రీచింగ్. డాక్టర్ గో అవే.”

ఒకప్పుడైతే ఆ వాక్యంలో మూడు తప్పులు పట్టి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు, “యెస్, పినాకిని రీచెస్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్. ది డాక్టర్ విల్ లీవ్” అని మామూలుగా బదులిచ్చాను. ఇంకో పాప లేచి, “స్టేషన్ టు హాస్పిటల్ ఆటో, ట్రాఫిక్, వన్ అవర్” అంది. మూడో గుంపు వాళ్ళు ముందురోజే వెళ్ళి చెన్నైలో ఉన్న అత్త ఇంట్లో పడుకోవాలన్నారు. ఎందుకని అడిగితే, “గ్రాండ్‌మదర్ ఈజ్ ఓల్డ్, మార్నింగ్ టైం స్లో” అన్నారు. నలభై నిమిషాల్లో ఆ క్లాసులో విన్న ఇంగ్లీషు నేను అంతకు ముందు నెల మొత్తంలో వినలేదు. పీరియడ్ చివర్లో ఆ పినాకిని బాబే మళ్ళీ లేచి, ఎవరూ అడక్కుండా, “ది డాక్టర్ విల్ లీవ్, మేడం” అన్నాడు.

మీటింగులో నన్ను అడిగిన నాన్నగారి పాప కూడా ఆ క్లాసులోనే ఉంది. ఆ రోజు ఆమె నాలుగు వాక్యాలు మాట్లాడింది. ఇంట్లో చుట్టాల ముందు మాట్లాడకపోవడానికి కారణం అప్పుడు నాకు అర్థమైంది. “ఏదీ, ఇంగ్లీషులో మాట్లాడు” అంటే దేని గురించి? ఎందుకు? తెలుగు వచ్చిన మేనమామతో ఇంగ్లీషులో మాట్లాడటం ఆ పిల్లకు పరీక్షే తప్ప సంభాషణ కాదు.

మీ అనుమానం నాకు తెలుసు

“క్లాసులో తెలుగు రానిస్తే ఇక ఇంగ్లీషు ఎందుకు మాట్లాడతారు మేడం?” అని మీరు అడుగుతారు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. నేను అటు వైపు తప్పు కూడా చేశాను. జరిమానా మానేసిన కొత్తలో పాఠం ఒక లైను ఇంగ్లీషులో చదివి, వెంటనే తెలుగులో చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి పిల్లలు ఇంగ్లీషు లైను వచ్చినప్పుడు కిటికీలోంచి చూస్తూ, తెలుగు లైను కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు. వినాల్సిన అవసరం నేనే లేకుండా చేశాను.

కాబట్టి తెలుగును వదిలేయడమూ కాదు, తెలుగులో వాలిపోవడమూ కాదు. ఇప్పుడు నేను పాటిస్తున్నది ఇది. భయం, నొప్పి, అవసరం ఏదైనా ఏ భాషలోనైనా చెప్పొచ్చు. కష్టమైన భావన వచ్చినప్పుడు ఒక్క తెలుగు మాటతో గడప దాటిస్తాను. గుంపులో ఆలోచన తెలుగులో సాగొచ్చు. నా మాటలు, వాళ్ళు చివరికి చెప్పేది, రాసేది ఇంగ్లీషులో ఉండాలి. వారానికి రెండు పీరియడ్లు తగ్గించి చెప్పిన కథల పుస్తకాలు చదువుకోవడమే, ప్రశ్నలు ఉండవు. ఏ పిల్లకు ఎంత తెలుగు కావాలన్నది క్లాసులో నిలబడ్డ టీచరు ఆ క్షణంలో తేల్చుకోవాలి. ఆ నేర్పు స్లైడ్లలో రాదు.

ఈ నెల 29న తెలుగు భాషా దినోత్సవం. పిల్లలకు పంచెలు, పట్టుపావడాలు కట్టించి మీరే పంపిస్తారు. ఆ రోజు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, 1863. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన మనకు తెలుసు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు అన్నది తక్కువ మంది గుర్తు పెట్టుకుంటారు. అక్కడి సవరల భాష నేర్చుకోవాలనుకుంటే ఆయనకు పుస్తకం లేదు. ఆ భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని, వింటూ, అడుగుతూ నేర్చుకున్నారు. తర్వాత ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. పిల్లల భాష టీచరు నేర్చుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నది ఆయన చేసి చూపించారు. 29న పద్యం చెప్పించి, మర్నాడు తెలుగు మాట్లాడిన పిల్లాడి పేరు బోర్డు మీద రాస్తే ఆయనకు మనం చేసిన పూజ ఏపాటిది?

టీచర్లకు ఏం కావాలి, మీ నుంచి ఏం కావాలి

మన దగ్గర భాషా బోధన తెలిసినవాళ్ళకు కొరత లేదు. హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ 1958లోనే పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. కొరత అంతా టీచరుకు బడి రోజులో ఉండే సమయానికి. రోజుకు ఆరేడు పీరియడ్లు, మధ్యలో నోటు పుస్తకాలు దిద్దడం, అన్ని సెక్షన్లకూ ఒకే తేదీకి పూర్తి కావాల్సిన సిలబస్. ఏ పెద్ద విద్యాసంస్థలో చూసినా ఇంతే. తన పాఠం ఎక్కడ అందలేదో ఆలోచించుకునే తీరిక టీచరుకు లేదు.

మా బ్రాంచిలో ఈ జూన్ నుంచి ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకుని, శనివారం ఆఖరి పీరియడ్ ఇంగ్లీషు టీచర్లం ఐదుగురికీ ఖాళీ చేశారు. ఆ వారం ఒకరి క్లాసుకు ఇంకొకరు వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటాం. టీచరును చూడం. ఇద్దరు పిల్లల్ని ఎంచుకుని వాళ్ళనే చూస్తాం. వాళ్ళు ఎప్పుడు విన్నారు, ఎప్పుడు వదిలేశారు, ఎన్నిసార్లు నోరు తెరిచారు. శనివారం అది చెప్పుకుంటాం. నా క్లాసు చూసిన సీనియర్ మేడం ఒకరు, “నువ్వు ప్రశ్న అడిగి రెండు సెకన్లు కూడా ఆగట్లేదమ్మా, నువ్వే చెప్పేస్తున్నావు” అన్నారు. రెండేళ్ళ బీఎడ్‌లో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ప్రశ్న అడిగి మనసులో ఐదు లెక్కపెట్టుకుంటున్నాను. చెయ్యెత్తే పిల్లలు పెరిగారు.

ఈ శనివారం పీరియడ్ నిలబడాలంటే మీ సాయం కావాలి. నిజం చెప్పాలంటే బడులు మీ ప్రశ్నల్ని బట్టే నడుస్తాయి. “నోట్సు ఎందుకు ఖాళీగా ఉంది?” అని మీరు అడిగితే మేం నోట్సు నింపిస్తాం. “సిలబస్ అయిందా?” అని అడిగితే పరుగెత్తిస్తాం. “ఇంట్లో తెలుగు మాట్లాడుతోంది, కట్టడి చెయ్యండి” అంటే జరిమానా పెడతాం. వచ్చే మీటింగులో ఇవి అడగండి: ఈ నెల మా పాప ఇంగ్లీషులో సొంతంగా ఏం చెప్పింది? ఎన్ని కథల పుస్తకాలు చదివింది? అర్థం కాకపోతే మిమ్మల్ని అడుగుతోందా? మీ టీచర్లకు నేర్చుకునే సమయం ఉందా?

ఇంట్లో మీరు ఇంగ్లీషు మాట్లాడక్కర్లేదు. ఆ రోజు నేనిచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మీకు వచ్చిన తెలుగులో, పూర్తిగా, ఓపిగ్గా మాట్లాడండి. గుంటలో నీళ్ళ రంగు ఎందుకు మారింది, రాత్రంతా ఏరియేటర్లు ఎందుకు తిప్పాలి, ఈ ఏడు ధర ఎందుకు పడింది, చెప్పండి. కారణం చెప్పడం, పోల్చడం, వాదించడం అక్కడ నేర్చుకున్న పిల్ల వాటిని ఇంగ్లీషులోకి తెచ్చుకుంటుంది. ఇంగ్లీషు పాఠాన్ని మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టు, తడబడితే డైరీలో నాకు రాయండి. చుట్టాల ముందు ప్రదర్శన మాత్రం పెట్టకండి.

దీనికి సమయం పడుతుంది, అది దాచను. మొదటి ఏడాది మీ పాప నోట్సు పక్క బడి పిల్ల నోట్సు కంటే పల్చగా ఉండొచ్చు. అప్పజెప్పే పద్యాలు తక్కువ ఉండొచ్చు. మీకు దిగులు వేస్తుంది, నాకూ వేస్తుంది.

మొన్న ఆ రొయ్యల గుంటల నాన్నగారికి ఫోన్ చేసి, ఆ రోజు తొందరపడి చెప్పానని క్షమాపణ అడిగాను. ఆయన ఇంకో సంగతి చెప్పారు. మేత బస్తా మీద ఇంగ్లీషులో ఉన్న సూచనలు పాప తనంతట తనే చదివి, తెలుగులో చెప్పిందట. ఎండ తగలని, తేమ లేని చోట పెట్టాలని ఉందంటే బస్తాలు షెడ్డులో గోడ వారనుంచి జరిపించారట. “అది మాట్లాడినట్టేనా మేడం?” అని అడిగారు.

మాట్లాడినట్టే సార్. మొదలైంది.

ఈ పేజీ మీద మీ అభిప్రాయం పాప డైరీలోనో బాబు డైరీలోనో రాసి పంపండి. ఏ భాషలో రాసినా చదువుతాను.